ఊహాకథలు: అంతర్జాలమున వాని యన్వేషణము, ఆస్వాదనము

నామవిచారము

లోకమునందు లేని యొక యంశమును గల్పించి, అది నిజమైనచోఁ దక్కిన లోకమెట్లుండునో చూపు కథలు నేఁడు ప్రపంచభాషలయందు విరివిగా వెలువడుచున్నవి. ఇంగ్లీషునందు వీనికి 'స్పెక్యులేటివ్ ఫిక్షన్' అని పేరు. భౌతికాదిశాస్త్రముల నాధారముగాఁ గొన్న సైన్సుకథలు, మంత్రతంత్రములతోఁ గూడిన యద్భుతకథలు, భూతప్రేతాదుల భయానకకథలు, రాఁబోవు కాలమును వర్ణించు కథలు నన్నియు నీ పేరునం దిమిడియున్నవి. తెలుఁగున వీనిని 'కాల్పనికకథలు' అని వ్యవహరించుట కలదు. ఆ పేరు పొసఁగదు. కథ యనఁబడునది ప్రాయికముగాఁ గల్పితమే గావున నా విశేషణము దీనిని దక్కినవానినుండి వేఱుపఱుపఁజాలదు. వ్యావర్తకము గాని విశేషణము వ్యర్థము. 'ఊహాకథ' యనుట యుక్తము. పుంలింగమగు ఊహశబ్దముతో 'ఊహకథ' యని సమాసము కావలసినను, 'ఊహాశక్తి', 'ఊహాలోకము' మొదలగు వాడుకలలోని దీర్ఘమును గ్రహించుట రూఢి ననుసరించుట.

'ఊహ' యనఁగా లోకవ్యవహారమున వట్టి తలంపు. శాస్త్రమున దాని యర్థము నిశ్చితము. పతంజలి మహాభాష్యపుఁ బస్పశాహ్నికమున వ్యాకరణాధ్యయనమునకు రక్ష, ఊహము, ఆగమము, లాఘవము, అసందేహము అను నైదు ప్రయోజనములఁ జెప్పెను. ఇందు రెండవదాని తాత్పర్యమిది: వేదమున మంత్రములు అన్ని లింగములతోను, అన్ని విభక్తులతోను బఠింపఁబడలేదు, యజ్ఞము నడపువాఁడు సందర్భానుసారముగా వానిని మార్చుకొనవలెను, వ్యాకరణమెఱుఁగనివాఁ డట్లు మార్పఁజాలఁడు. ప్రకృతియాగమున నగ్నికిఁ జెప్పిన మంత్రము సూర్యుని యుద్దేశించిన వికృతియాగమునకు వచ్చినపుడు, 'అగ్ని' శబ్దముండు చోట 'సూర్య' శబ్దమును జతుర్థీవిభక్తిలో నిలుపవలెను. మార్చిన శబ్ద మొక్కటియే. కాని దానితోఁ బొందికగల పదములన్నియు లింగవచనములయందు సరిపడవలెను. మీమాంసకులు జైమినిసూత్రముల తొమ్మిదవ యధ్యాయమును ఈ విచారమునకే కేటాయించిరి.

ఊహాకథకును లక్షణ మిదియే. కథకుఁడు లోకస్థితిలో నొక పదమును మార్చును. అటుపై నా పదముతో నన్వయించు నాచారము, న్యాయము, భాష, భయము, హాస్యము సర్వమును దదనుగుణముగా విపరిణమింపఁజేయును. మార్పు చిన్నదై, అన్వయము సమగ్రమైనకొలఁదిఁ గథ రాణించును. మార్పులు పెక్కులై యన్వయము లోపించినచో నది యూహము గాదు, ప్రలాపము.

తెలుఁగునఁ బూర్వోదాహరణములు

ఈ కథాజాతి తెలుఁగునకుఁ గ్రొత్త గాదు. ధనంజయుఁడు దశరూపకమున నితివృత్తమును బ్రఖ్యాతము, ఉత్పాద్యము, మిశ్రము అని మూఁడుగా విభజించెను. ఉత్పాద్యమునకుఁ దెలుఁగున మేలుబంతి 16వ శతాబ్దిలోఁ బింగళి సూరన రచించిన కళాపూర్ణోదయము. బ్రహ్మ సరస్వతికి వినోదార్థముగాఁ జెప్పిన కథ భూలోకమున యథార్థముగా జరుగుట యందలి మూలకల్పన. కథను బట్టి లోకము నడచునేని పాత్రలకు స్వాతంత్ర్యమెంత, కాలమునకు ముందువెనుక లెక్కడివి అను ప్రశ్నలు దానినుండి పుట్టుచున్నవి. నేఁటి పాశ్చాత్యకథకులు కాలవిపర్యయమును గూర్చి వేయు ప్రశ్నలును నట్టివే.

కందుకూరి వీరేశలింగము పంతులు 1890ల దశాబ్దిలో రచించిన సత్యరాజా పూర్వదేశయాత్రలకు స్విఫ్టు 1726లోఁ బ్రకటించిన గల్లివరు యాత్రలు మేలుకొలుపు. అందలి యాడుమళయాళమున స్త్రీలు పాలకులు, పురుషులు వారికి లోఁబడినవారు. లోకమున స్త్రీలకు విధింపఁబడిన కట్టుబాట్లు అక్కడఁ బురుషులకు విధింపఁబడినవి. వ్యాకరణపరిభాషలో నిది లింగవిపరిణామము. కట్టుబాట్లు మాఱలేదు, వానికి లోఁబడువారి లింగము మాత్రమే మాఱినది. ఆ యొక్క మార్పుచే, నిత్యమును గంటికెదురుగా నున్నను గానరాని క్రౌర్యము పఠితకుఁ గనఁబడును.

విశ్వనాథ సత్యనారాయణ 'హాహాహూహూ' అను చిన్న నవలలో గుఱ్ఱపుమొగము గల గంధర్వుఁడు లండను నగరమునందలి ట్రఫాల్గరు చౌకమునఁ బడును. ఇచట మాఱినది యధికరణము. పురాణమున సహజుఁడైన పురుషుఁ డాధునికనగరమున విడ్డూరమగుచున్నాఁడు. అతనిఁ బరీక్షింపవచ్చినవారి జ్ఞానమే కడకుఁ బరీక్షకు గుఱియగుచున్నది.

1947 జూలైలో మదరాసున నారంభమైన చందమామ ఈ రుచిని ఇంటింటికిఁ జేర్చినది. దాసరి సుబ్రహ్మణ్యము 1954లో 'తోకచుక్క'తో మొదలిడి యనేకమైన యద్భుతధారావాహికలను అందు వ్రాసెను. బేతాళకథల పరంపర మూలమునందలి యిరువదియైదు కథలను దాటి దశాబ్దములు సాగినది. ప్రతి బేతాళకథయు నొక ప్రశ్నతో ముగియుటచే, చదువు బాలునకుఁ గథావిమర్శనమున మొదటి పాఠము దానివలననే లభించినది.

నిక్షేపస్థానములు

రావికమతము పూర్వము విశాఖపట్టణము జిల్లాకుఁ జెంది, 2022 ఏప్రిలు మొదలుకొని యనకాపల్లి జిల్లాలో నున్న మండలకేంద్రము, చోడవరము ప్రాంతములోనిది. ఇట్టి యూరి తెలుఁగు పండితుఁడు 1930 ప్రాంతపు 'భారతి' సంచికలోని కథ యొకటి చూడఁగోరినచో, అంతర్జాలమునకుఁ బూర్వము విశాఖపట్టణమున నాంధ్రవిశ్వవిద్యాలయ గ్రంథాలయమునకో, రాజమహేంద్రవరమున గౌతమీ గ్రంథాలయమునకో, వేటపాలెమున సారస్వతనికేతనమునకో పోవలసియుండెను. పోయినను గోరిన సంచిక దొరకునను నిశ్చయము లేదు. నేఁడు చేతి ఫోనుతోఁ దన యింటి యరుఁగుమీఁదనే యట్టివానిలోఁ బెక్కింటిని జదువవచ్చును.

వీనిలో మొదట స్మరింపవలసినది శ్రీకాకుళమునందలి కథానిలయము. కాళీపట్నము రామారావు (1924–2021) దీనిని 1997 ఫిబ్రవరి 22వ తేదీన స్థాపించెను. తెలుఁగుకథ పత్రికలయందుఁ బుట్టి పత్రికలతోనే నశించుచున్నదని గుర్తించి, పాత సంచికల నూరూరఁ గూర్చుటకై యాయన తన యుత్తరవయస్సును వినియోగించెను. రావికమతమునుండి కథానిలయమునకుఁ బోవువాఁ డనకాపల్లి, విశాఖపట్టణము, విజయనగరము దాటిపోవలెను. దాని వెబ్‌సైటునఁ గథల పట్టికయు, పెక్కు కథల స్కానుప్రతులును గలవు. కర్తపేరు, కథపేరు, పత్రికపేరు వీనిలో దేనిఁ బట్టి యైనను వెదకవచ్చును.

రెండవది ఇంటర్నెట్ ఆర్కైవు. భారతప్రభుత్వపు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా స్కాను చేయించిన తెలుఁగు గ్రంథములు, ఆ గ్రంథాలయపు వెబ్‌సైటు మూఁతపడిన పిదప, పెద్దపాలు ఇందు నిలిచియున్నవి. మూఁడవది తెలుఁగు వికీసోర్సు. ఇందు ముద్రితపుటయొక్క చిత్రమును, టైపు చేసిన పాఠమును బ్రక్కప్రక్కన నుండును. ఒకరు దిద్దినదానిని మఱియొకరు సరిచూచినఁగాని యా పుట పూర్తియైనట్లు గుర్తింపఁబడదు. పరిష్కరణవిధాన మెఱిఁగినవారి కీ పద్ధతి యిష్టమగును.

నూతనరచనలకై యమెరికాలోని తెలుఁగువారు 1998లో స్థాపించిన 'ఈమాట' పత్రిక కలదు. దాని పాత సంచికలును జదువుటకుఁ దెఱచియున్నవి. ఇంగ్లీషెఱిఁగినవారికి 2000 సంవత్సరమున మొదలైన స్ట్రేంజ్ హొరైజన్స్, 2006లో మొదలైన క్లార్క్స్‌వరల్డ్ అను పత్రికలు క్రొత్త యూహాకథలను వెలయీయకయే చదువనిచ్చుచున్నవి. 1971లో మైకేలు హార్టు ఆరంభించిన ప్రాజెక్టు గూటెన్‌బర్గునందు మేరీ షెల్లీ 1818లోఁ బ్రకటించిన ఫ్రాంకెన్‌స్టైను, వెల్సు 1895లోఁ బ్రకటించిన కాలయంత్రకథ మొదలగు మూలగ్రంథములు గలవు.

హక్కుల విషయ మొకటి గమనింపవలెను. భారతదేశమున గ్రంథకర్త మరణించిన పిదప 60 సంవత్సరములవఱకు గ్రంథస్వామ్యము నిలుచును. 1919లోఁ గీర్తిశేషులైన వీరేశలింగము పంతులవారి రచనలు సర్వజనస్వములు. 1976లో మరణించిన విశ్వనాథవారి రచనలకు 2036 సంవత్సరాంతమువఱకు హక్కు గలదు. వానిని గొని చదువుటయే న్యాయము.

అన్వేషణమున శబ్దశాస్త్రోపయోగము

కథలున్నను గానరాకుండుటకుఁ గారణము ప్రధానముగా నక్షరసంబంధి. యంత్రము శబ్దము నెఱుఁగదు. వర్ణసంకేతముల వరుసను మాత్ర మెఱుఁగును. యూనికోడునఁ దెలుఁగునకు 1991లోని మొదటి ప్రకటనమునుండియు స్థానము గలదు. అందరసున్న కొక సంకేతము, శకటరేఫమునకు వేఱొక సంకేతము. కావున 'తెలుఁగు' అని వెదకినవానికి 'తెలుగు' దొరకకపోవచ్చును. 'ఏఱు' అని వెదకినవానికి 'ఏరు' దొరకకపోవచ్చును. 'కథ' యను శబ్దమే ముద్రణములయందుఁ బెక్కుచోట్ల 'కధ'గా నున్నది. వ్యుత్పత్తి యెఱిఁగినవాఁడు రెండవదానిని దోషమని త్రోసివేయును. అన్వేషకుఁడు మాత్ర మా దోషమునుగూడ వెదకి చూడవలెను.

రెండవ చిక్కు ప్రత్యయములది. చంద్రలోకమును గూర్చిన కథలను గోరువాఁడు 'చంద్రలోకము' అని మాత్రమే వెదకినచో, 'చంద్రలోకం', 'చంద్రలోకపు', 'చంద్రలోకానికి' అను రూపములు జాఱిపోవును. పదభాగమునుగూడఁ బట్టుకొను సైటునందుఁ బ్రాతిపదికమాత్రమగు 'చంద్రలోక' యను భాగము చాలును. పూర్ణపదమునే పట్టుకొను సైటునందు రూపముల నొక్కొక్కటిగా నీయవలెను. గ్రాంథికరచనలలో సరళాదేశము మఱియొక చిక్కు. 'ఆకసమునఁ జుక్క' యని యున్నచోఁ 'జుక్క' పట్టుపడును గాని 'చుక్క' పట్టుపడదు. సంధి విడఁదీయనేర్చిన పండితునకు సులభమైన యీ యుపాయము యంత్రజ్ఞునకుఁ దోఁపదు.

మూఁడవది యన్యదేశ్యములది. 'సైన్సు', 'సైన్స్', 'సైంసు' అని యొకే పదము పలువిధములుగా వ్రాయఁబడుచున్నది. 'సైన్స్‌లో' అనునపుడు పొల్లునకును విభక్తికిని నడుమ గంటికిఁ గానరాని యొక సంకేతము చేరియుండుటయుఁ గలదు. యూనికోడు వాడుకలోనికి రాకమున్ను వెలసిన పుటలు వేఱువేఱు ఫాంట్లలో నుండుటచే వానిలో నేఁటి యక్షరములతో వెదకుట నిష్ఫలము.

నాలుగవది పేర్ల లిపి. డిజిటల్ లైబ్రరీవారు తెలుఁగు గ్రంథనామములను రోమను లిపిలోఁ బొందుపఱచిరి. దీర్ఘము నొకచోట రెండక్షరములతోను, వేఱొకచోట నొక్క యక్షరముతోను వ్రాయుట వానిలో సాధారణము. కావునఁ 'కళాపూర్ణోదయము' వంటి పేరును నాలుగైదు తీరుల వ్రాసి చూడక 'లే'దనరాదు. ఐదవది చిత్రమునుండి యంత్రము చదివిన పాఠము. బిందుమాత్రభేదముగల థకారధకారములును, తలకట్టు కలిసినఁ గలియకున్న మాఱు వకారపకారములును దానికిఁ దఱచు తాఱుమాఱగును.

ఇవన్నియుఁ దెలిసినను, పట్టికలయందు 'ఊహాకథ' యను శీర్షిక యుండకపోవచ్చును. కావునఁ గర్త, కథ, పత్రిక, సంచిక అను నాలుగింటిని వరుసగాఁ బట్టుకొని నడువవలెను. ఒక కథ నచ్చినచో దాని కర్తయొక్క తక్కిన కథలను, అది వెలువడిన సంచికలోని యితరకథలను, ఆ పత్రికయొక్క తరువాతి సంచికలను జూచుట మంచి మార్గము. కర్తపేరు తోడ్పడని చోటులుం గలవు. చందమామ ధారావాహికలపై దాసరి సుబ్రహ్మణ్యముపేరు ముద్రింపఁబడమిచే, తోకచుక్కను మెచ్చిన పాఠకు లనేకు లాయనపేరు చిరకాల మెఱుఁగరైరి. అట్టివానిని గథాశీర్షికతోనే వెదకవలెను.

ఆస్వాదనము

ఊహాకథను జదువునపుడు మూఁడు ప్రశ్నలు వేసికొనవలెను. మాఱిన పదమేది? దానితో నన్వయించు పదములన్నియు మాఱినవా? మాఱక నిలిచినదేది, ఏల నిలిచినది? మూఁడవ ప్రశ్నయందే రహస్యమున్నది.

ఆడుమళయాళమునకు సాటిగా మఱియొక కథఁ జెప్పవచ్చును. బంగాళదేశపు రుకియా సఖావత్ హుస్సేన్ 1905లో 'సుల్తానా స్వప్నము' అను కథ నింగ్లీషున వ్రాసెను. అది మదరాసునఁ గమలా సత్యనాథన్ నడపిన ఇండియన్ లేడీస్ మ్యాగజీన్‌లో వెలువడినది. అందును స్త్రీలు పాలకులు, పురుషులు ఘోషాలోనివారు. లింగవిపరిణామ మొక్కటియే, ఫలములు వేఱు. వీరేశలింగము పంతులు కట్టుబాట్లను యథాతథముగా నిలిపి వానిని మోయువారిని మార్చెను. ఫలము హాస్యము, దానివెనుక లజ్జ. రుకియా కట్టుబాటులలో ఘోషానొక్కదానినే నిలిపి, విద్య చేతికి వచ్చిన స్త్రీలు సూర్యరశ్మిని బంధించి శత్రువుల గెలుచుటను, ఆకాశయానములఁ జరించుటను జూపెను. ఫలము విస్మయము, దానివెనుక నాశ. ఒకే యూహము రెండు రసముల కెట్లు దారితీయునో ఈ రెంటిని వెంటవెంటఁ జదివినవాఁ డెఱుంగును. వెనుక నిట్టి జంట నొకచోఁ జేర్చుట దుర్ఘటము. నేఁ డది యొక సాయంకాలపుఁ బని.

భౌతికశాస్త్రజ్ఞుఁడగు జగదీశచంద్ర వసువు 1896లో వంగభాషయందు వ్రాసిన కథ యింకొక తెఱఁగుది. తలనూనె సీసా యొకటి సముద్రమునఁ బడుటచే గాలివాన శమించుట యందలి కల్పన. నూనె నీటిపైఁ బఱచుకొని తరంగముల నణఁచుట శాస్త్రసిద్ధము. ఆ చిన్న సత్యమును దుపానంత పెద్దది చేయుటయే యూహము. గాలివానల నెఱిఁగిన విశాఖతీరమువారి కీ కథ మిక్కిలి సన్నిహితముగాఁ దోఁచును.

ఇట్టి కథలు అసత్యములగుటచే విద్యార్థులకుఁ దగవని యొక యాక్షేపము గలదు. అది నిలువదు. ఆలంకారికు లుత్పాద్యమును గాదనలేదు. విస్మయము స్థాయిగా నద్భుతమును రసములలోఁ బరిగణించిరి. మంత్రమున 'సూర్య' శబ్దమును నిలిపినవాఁ డసత్యవాది యగునా? కర్మ వేఱగుటచే శబ్దము వేఱైనది. అట్లే కథయందును.

దీనికంటె గట్టి యాక్షేప మొకటి గలదు. ప్రకృతియందు ఊహము లేదని మీమాంసకులు చెప్పుదురు. వికృతిని గుర్తింపవలెనన్నఁ బ్రకృతి ముందు తెలిసియుండవలెను. ఆడుమళయాళమును నేఁటి బాలునిచేతఁ జదివించినచో, 1890ల నాఁటి తెలుఁగింటి యాచారము లతఁ డెఱుఁగఁడు. అతనికది వట్టి వింతదేశపు ముచ్చట. అందలి యెత్తిపొడుపు తగులదు. ప్రకృతి మఱవఁబడిన వెంటనే యూహాకథ వట్టి కట్టుకథ యగును. పాఠశాలపండితుని యవసర మిక్కడనే కలుగుచున్నది. యంత్రము కథను జేతికీయఁగలదు. కథ దేనిని మార్చినదో ముందుగాఁ జెప్పి చదివింపఁగలవాఁడు పండితుఁడు.

కర్తవ్యము

అంతర్జాలమునఁ జేరిన దెల్ల శాశ్వతమను భ్రమ తగదు. డిజిటల్ లైబ్రరీ వెబ్‌సైటే మూఁతపడినది. ప్రతులు వేఱొకచోట నుండుటచే గ్రంథములు దక్కినవి. చందమామ ప్రచురణము 2013 ప్రాంతమున నిలిచిపోయినది. మఱియొకవంక యంత్రములే కథల నల్లుచున్నవి. 2023 ఫిబ్రవరిలో యంత్రరచితములు వెల్లువగా వచ్చిపడుటచే క్లార్క్స్‌వరల్డ్ పత్రిక కొంతకాలము కథలను స్వీకరించుట మానవలసివచ్చెను. కర్త యెవఁడో, ఎన్నఁడు, ఎందు వెలువడినదో తెలియని కథలు పెరుఁగుచున్న యీ కాలమునఁ గర్తృకాలనిర్ణయము వ్యసనమాత్రము గాదు, అవశ్యకృత్యము.

పండితులు చేయఁదగిన పనులు మూఁడు. చదివిన ప్రతి యూహాకథకును గర్త, పత్రిక, మాసము, సంవత్సరము, లభించిన స్థానము వ్రాసిన చిన్న పట్టిక నుంచుకొనుట మొదటిది. హక్కు గడచిన కథలను వికీసోర్సున నరసున్నలు, శకటరేఫములు చెడకుండ టైపు చేయుట, ఇతరులు చేసినదానిని ముద్రితపుటతో సరిచూచుట రెండవది. అర్థసందేహము గలిగినచో సూర్యరాయాంధ్రనిఘంటువు మొదలగునవి ఆంధ్రభారతి వెబ్‌సైటుననే చూడవచ్చును. తరగతిలో మాసమున కొక కథను బ్రకృతివివరణముతోఁ జదివించుట మూఁడవది. వీనికి ధనము వలదు; వలసినది వర్ణజ్ఞానము, ఓర్పు.

రక్ష, ఊహము అను రెంటిని భాష్యకారుఁ డొకే పట్టికలో వెంటవెంటఁ జెప్పుట యిచట స్మరణీయము. ఉన్న పాఠమును జెడకుండఁ గాపాడుట రక్ష. దానిని గ్రొత్త సందర్భమునకు నడపుట యూహము. కాళీపట్నము రామారావు శ్రీకాకుళమునఁ జేసినది మొదటిది. రావికమతముననైనను, మఱి యే యూరనైనను, చేతఁ బుస్తకము లేకున్నను ఫోనుగల బాలునకు నా నిధిని జూపి, అందలి మాఱిన పదమేదో కనుగొనుమని యడుగుట రెండవదానికి దారి.